రానివాళ్ళు చేతులెత్తండి

హాజరు వేసేటప్పుడు మాస్టారు “ఈరోజు రానివాళ్ళు చేతులెత్తండి” అంటే పిల్లలంతా నవ్వుతారు. నేను మాత్రం చాలా ఏళ్ళు జీతం తీసుకుని మరీ అదే పని చేశాను. రికార్డుల ముందు కూర్చుని, ఫిల్టర్ పెట్టి, లేనివాటిని కనపడమని అడగడం. ఏవీ కనపడలేదు కాబట్టి అంతా సవ్యంగా ఉందని మెయిల్ పెట్టడం.

బుద్ధి వచ్చిన సందర్భం చెబుతాను. అప్పట్లో నేను పనిచేసే కంపెనీలో బిల్లులు కట్టే గడువు మారింది. హోల్‌సేల్ వాళ్ళకి పాత గడువే, మిగతా కస్టమర్లందరికీ కొత్తది. ఆ మిగతా అందరికీ మెయిల్ వెళ్ళాలి. జాబితా తీయడం నా వంతు. ముందు డేటాని ఎక్సెల్‌లోకి తెచ్చుకుని “హోల్‌సేల్ కానివి” అని ఫిల్టర్ చేశాను. ఎంతమంది వచ్చారో కాగితం మీద రాసుకున్నాను. తర్వాత అసలు మెయిల్ పంపడానికి అదే షరతుతో సిస్టమ్‌లో క్వెరీ, అంటే డేటాబేస్‌ని అడిగే ప్రశ్న, రాశాను. రెండు అంకెలూ కలవలేదు. తేడా రెండు వందల పైచిలుకు. మధ్యలో ఎవరో పాత ఖాతాలు తీసేసి ఉంటారులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. చీకటి పడింది, ఇంటికి వెళ్ళాలి. పంపేశాను.

నెల తిరిగేసరికి ఫోన్లు మొదలయ్యాయి. “గడువు మార్చినట్టు మాకు చెప్పకుండా ఆలస్య రుసుము ఎలా వేస్తారు?” అడిగిన ప్రతివాళ్ళ రికార్డూ తెరిచి చూశాను. అన్నిట్లోనూ ఒకటే పోలిక. కేటగిరీ గడి ఖాళీ. హోల్‌సేల్ అని లేదు, రిటైల్ అనీ లేదు. ఎవరూ ఏమీ రాయలేదు.

ఆ రాత్రి కూర్చుని వెతికితే తెలిసిన సంగతి ఇది. ఎక్సెల్ ఫిల్టర్‌లో “సమానం కాదు” అని పెడితే ఖాళీ గడులు కూడా జాబితాలోకి వస్తాయి. మామూలు మనిషి ఆలోచనా అలాగే ఉంటుంది: హోల్‌సేల్ అని రాయలేదంటే హోల్‌సేల్ కాదనే కదా. డేటాబేస్‌తో మాట్లాడే ఎస్‌క్యూఎల్ భాష అలా అనుకోదు. అందులో ఖాళీని నల్ అంటారు, ‘తెలియదు’ అని దానికి అర్థం. తెలియనిదాన్ని పట్టుకుని “ఇది హోల్‌సేలా?” అని అడిగితే జవాబు ‘తెలియదు’. “హోల్‌సేల్ కాదా?” అని అడిగినా ‘తెలియదు’. అవును అని గట్టిగా జవాబొచ్చిన వరుసలే బయటికొస్తాయి. కాబట్టి కేటగిరీ ఖాళీగా ఉన్న కస్టమరు హోల్‌సేల్ జాబితాలోనూ ఉండడు, హోల్‌సేల్ కానివాళ్ళ జాబితాలోనూ ఉండడు. రెండు జాబితాలూ కలిపినా మొత్తం రాదు. ఒక నల్ ఇంకో నల్‌తో సమానమా అని అడిగినా అవునని రాదు. అందుకే “ఈజ్ నల్” అని విడిగా, పేరు పెట్టి అడగాల్సి వస్తుంది. ఇంకో గమ్మత్తు ఉంది. “ఈ జాబితాలో లేనివి చూపించు” అన్నప్పుడు ఆ జాబితాలోకే ఒక్క నల్ దూరిందనుకోండి, ఫలితంగా ఒక్క వరుస కూడా రాదు. చూసినవాడు ‘ఏ లోపమూ లేదు’ అనుకుని సంతోషంగా టీకి వెళ్తాడు.

ఈ తర్కం ఎవరి పైత్యమో అని మొదట తిట్టుకున్నాను. ఎడ్గర్ కాడ్ గురించి చదివాక కోపం తగ్గింది. ఐబీఎంలో పనిచేస్తూ 1970లో, సమాచారాన్ని పట్టికలుగా దాచే రిలేషనల్ పద్ధతిని ప్రతిపాదించినాయన. 1985లో ఆయన డేటాబేస్‌లకు పెట్టిన నియమాల్లో మూడోది అచ్చంగా దీని గురించే. లేని సమాచారాన్ని చూపడానికి ఒక పద్ధతి ఉండాలి, అది సున్నాతోనో ఖాళీ అక్షరాలతోనో కలిసిపోకూడదు అన్నది దాని సారాంశం. తర్వాత ఆయనే ఇంకో అడుగు ముందుకేసి, లేకపోవడం రెండు రకాలన్నాడు. ఉండాల్సిందే కానీ మనకు తెలియనిది ఒకటి. అసలు వర్తించనిది ఇంకోటి. కస్టమరు ఫోన్ నంబరు మన దగ్గర లేకపోవడం మొదటి రకం. ఉద్యోగం మానని మనిషికి ‘మానేసిన తేదీ’ లేకపోవడం రెండో రకం. మొదటిది పని బాకీ ఉందని చెబుతుంది, రెండోది అంతా బాగుందని చెబుతుంది. తెర మీద రెండూ ఒకే తెల్లగడి. ఆ రెండో అడుగు ఎస్‌క్యూఎల్‌లోకి రానేలేదు. ఒరాకిల్ డేటాబేస్ అయితే ఏ అక్షరమూ లేని మాటని కూడా నల్‌గానే చూస్తుంది, ఉన్న ఆ కాస్త తేడా కూడా అందులో ఉండదు.

ఆ తర్వాత నాకొక అలవాటైంది. కొత్త సాఫ్ట్‌వేర్ ఏది చేతికొచ్చినా, ఇందులో ఖాళీని ఏ పేరు పెట్టి పిలవాలి అని ముందు చూస్తాను. కస్టమర్లనీ లెక్కలనీ చూసుకునే ఆఫీసు సాఫ్ట్‌వేర్లే తీసుకోండి, ఒక్కోదానిలో ఒక్కో పేరు. హబ్‌స్పాట్ “ఈజ్ అన్‌నోన్” అంటుంది. ఒడూలో “నాట్ సెట్”. డైనమిక్స్‌లో “డజ్ నాట్ కంటైన్ డేటా” అని పొడుగ్గా ఉంటుంది. బిజినెస్ సెంట్రల్‌లో మధ్యలో ఏమీ లేకుండా రెండు ఒంటి కొటేషన్ గుర్తులు పెట్టాలి, ఎవరైనా చెప్తే తప్ప తట్టదు. సేల్స్‌ఫోర్స్‌లో “ఈక్వల్స్” ఎంచుకుని విలువ పెట్టాల్సిన చోట ఏమీ పెట్టకుండా వదిలేయాలి. మొదటిసారి చేసినప్పుడు ఏదో మర్చిపోయామేమో అనిపిస్తుంది. గూగుల్ షీట్స్‌లో “ఈజ్ ఎంప్టీ”. వీటన్నిట్లో నాకు నచ్చింది హబ్‌స్పాట్ మాటే. గడిలో ఏమీ లేదు అనడం కంటే మనకు తెలియదు అనడంలో నిజాయితీ ఎక్కువ.

ఎక్సెల్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎల్ కలిపి నొక్కితే ఫిల్టర్ బాణాలు వస్తాయి. జాబితా అట్టడుగున “బ్లాంక్స్” ఉంటుంది. చాలామంది అంత కిందికి దిగరు. దిగినా రెండు గోతులున్నాయి. డేటా మధ్యలో పూర్తిగా ఖాళీ వరుస ఒకటి ఉంటే, ఒక్క గడి మీద నిలబడి ఫిల్టర్ పెట్టినప్పుడు ఆ వరుస దగ్గరే అది ఆగిపోతుంది. దాని కింద ఎన్ని వేల వరుసలున్నా లెక్కలోకి రావు. ఇక రెండోది: ఫార్ములా జవాబుగా ఏ అక్షరమూ లేని మాటని ఇచ్చినప్పుడు ఆ గడి కంటికి ఖాళీగానే ఉంటుంది. ఇజ్‌బ్లాంక్ ఫంక్షన్‌ని అడిగితే ఖాళీ కాదంటుంది. కౌంట్‌బ్లాంక్ అదే గడిని ఖాళీల్లో లెక్కేస్తుంది. కౌంట్‌ఏ అదే గడిని నిండినవాటిలో లెక్కేస్తుంది. నిండినవీ ఖాళీవీ కూడితే ఉన్న గడుల కంటే ఎక్కువ! కాకి లెక్కలంటే ఇవే. వెబ్ పేజీలోంచి కాపీ చేసిన డేటాలో కనపడని ఒక రకం స్పేస్ వస్తుంది, దాని కోడ్ 160. దాన్ని ట్రిమ్ ఫంక్షన్ కూడా తీయలేదు. ఆ గడి ఖాళీ అని మనకు తెలుసు, ఫిల్టర్‌కి తెలియదు.

ఇవన్నీ నేర్చుకుంటే తప్పించుకోగలిగిన తలనొప్పులు. అసలు పేచీ వేరే చోట ఉంది.

ఆ మెయిల్ గొడవ తర్వాత మీటింగ్ పెట్టారు. మా టీమ్ లీడ్ గారు ఒక్క మాటలో తేల్చేశారు: “ఆ ఫీల్డుని మాండేటరీ చేసేద్దామండీ, పీడా పోతుంది.” అందరూ తలూపారు, నేనూ ఊపాను. ఎర్ర స్టార్ గుర్తు పెట్టారు. నింపకపోతే రికార్డు సేవ్ కాదు. మర్నాటి నుంచి ఆ ఫీల్డులో కొత్త ఖాళీ ఒక్కటి కూడా పడలేదు. రిపోర్టులో నూటికి నూరు శాతం. నా ఉద్దేశంలో మా డేటా పాడవడం మొదలైంది ఆ రోజు నుంచే.

ఎందుకంటే నింపాల్సిన మనిషి పరిస్థితి మారలేదు. కౌంటర్లోనో ఫోన్లోనో కస్టమరు ఉన్నాడు, వెనక ఇంకో ముగ్గురు ఆగి ఉన్నారు. కేటగిరీ ఏమిటో అతనికీ తెలియదు, ఎంట్రీ వేసేవాళ్ళకీ తెలియదు. సేవ్ మాత్రం అవ్వాలి. వేలు దేని మీద పడితే అది ఎంచుకుంటారు. డ్రాప్‌డౌన్‌లో మొదటి పేరుకే ఆ యోగం. దేశాల జాబితా అక్షరక్రమంలో ఉన్న ఫారమ్‌లో కస్టమర్లు ఉన్నట్టుండి అఫ్గానిస్తాన్ వాళ్ళయిపోతారు. రాసే గడి అయితే ఒక చుక్క, ఒక అడ్డగీత, “ఎన్ఏ”, “టెస్ట్”, లేదా పది తొమ్మిదులు. పుట్టినరోజు అడిగితే జనవరి 1. ఇది సోమరితనం అని నేననను. తెలియదు అని చెప్పే దారి మూసేశాం, మిగిలిన ఒకే దారిలో వాళ్ళు వెళ్ళారు.

ఖాళీగా ఉన్నప్పుడు ఆ గడిని ఫిల్టర్ ఒక్క క్లిక్కుతో పట్టిచ్చేది. చుక్క పెట్టిన గడి ఖాళీల ఫిల్టర్‌కి దొరకదు. “హోల్‌సేల్” అని అబద్ధం రాసి ఉన్న గడి ఏ ఫిల్టర్‌కీ దొరకదు, నిజంగా హోల్‌సేల్ అయినవాళ్ళ పక్కనే దర్జాగా కూర్చుంటుంది.

మనుషులే కాదు, యంత్రాలూ ఇలా తోచింది పెట్టేస్తాయి. ఎక్సెల్‌లో సున్నాని తేదీగా మారిస్తే 1900 జనవరి 0 అని చూపిస్తుంది, అలాంటి రోజే లేదు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఖాళీ మాటని తేదీగా మార్చమంటే 1900 జనవరి 1 వస్తుంది. కంప్యూటర్లు సెకన్లు లెక్కపెట్టుకునే యూనిక్స్ కాలమానంలో సున్నా అంటే 1970 జనవరి 1. ఏదైనా రిపోర్టులో మీ సప్లయర్లు చాలామంది ఈ తేదీల్లో చేరినట్టు కనపడితే, అక్కడ ఉన్నవి తేదీలు కావు, తేదీ వేషం వేసుకున్న ఖాళీలు. అక్షాంశం సున్నా, రేఖాంశం సున్నా అయిన చోటు ఆఫ్రికా పక్కన గినీ సింధుశాఖలో నీళ్ళ మధ్య ఉంది. చిరునామా దొరకని రికార్డులు ప్రపంచం నలుమూలల నుంచీ మ్యాపులో అక్కడే వచ్చి పడుతుంటాయి కాబట్టి, మ్యాపుల పని చేసేవాళ్ళు లేని ఆ దీవికి నల్ ఐలండ్ అని సరదాగా పేరు కూడా పెట్టారు.

నాకు బాగా నచ్చిన కథ ఇంకోటి. అమెరికాలో ఒక కంప్యూటర్ భద్రతా పరిశోధకుడు తన కారుకి ‘నల్’ అనే నంబరు ప్లేటు తీసుకున్నాడు. సిస్టమ్ తికమకపడి జరిమానాలు తప్పిపోతాయేమోనన్న చిలిపి ఆలోచన. జరిగింది తిరకాసు. బండి నంబరు నింపని చలాన్లన్నీ వరసగా ఆయన పేరు మీదికొచ్చాయి, మొత్తం 12,000 డాలర్లు దాటింది. 2019లో ఒక సభలో ఆయనే ఈ కథ చెప్పాడు. నింపని గడికి ఒక మాట తగిలిస్తే, ఆ మాట పేరుగా ఉన్న మనిషి ఎక్కడో ఒకచోట ఉండనే ఉంటాడు.

మరి వేషం వేసుకున్న ఖాళీలను పట్టేదెలా? “బ్లాంక్స్” నొక్కితే దొరకవు, కొంచెం పోలీసు బుద్ధి కావాలి. నేను చేసేది మోటు పద్ధతే. కాలమ్‌ని ఆరోహణలో పేర్చి మొదటి తెర, చివరి తెర చూస్తాను. చుక్కలు, గీతలు, సున్నాలు పైన పోగవుతాయి. తొమ్మిదులు, జడ్‌లు కింద. తర్వాత ఏ విలువ ఎన్నిసార్లు వచ్చిందో లెక్క తీస్తాను. ఫోన్ నంబరు లాంటి గడిలో ఒకే విలువ నలభై సార్లు వచ్చిందంటే అది నంబరు కాదు. ఇక్కడ ఎక్సెల్ డ్రాప్‌డౌన్‌ని నమ్ముకోకండి, అది 10,000 వేర్వేరు విలువల దాకానే చూపిస్తుంది. పెద్ద కాలమ్‌లో మిగతావి కంటికే రావు. ఒక్కో విలువ ఎన్నిసార్లుందో కూడి చూపే పివట్ టేబుల్ వేసుకోవడం మేలు. డ్రాప్‌డౌన్ ఫీల్డయితే జాబితాలో మొదటి పేరు వాటా చూస్తాను. స్టార్ గుర్తు పెట్టకముందు ఎంత, పెట్టాక ఎంత? మా కేటగిరీ జాబితాలో మొదట ఉన్న పేరు, స్టార్ పెట్టిన నెల నుంచి ఒక్కసారిగా ఎగబాకింది. ఆ గ్రాఫ్ పట్టుకెళ్ళి టీమ్ లీడ్ గారికి చూపించాను.

ఆయన కాసేపు చూసి, “మరి మాండేటరీ తీసేస్తే ఎవరు నింపుతారు చెప్పండి?” అన్నారు. న్యాయమైన ప్రశ్నే. తీసేస్తే ఖాళీలు పెరుగుతాయి, నేను కాదనలేదు. అది లేకపోతే ఆ పనే జరగదు అనే ఫీల్డులు కొన్ని ఉంటాయి. ఎంత కట్టాలో సొమ్ము రాయని ఇన్‌వాయిస్‌కి అర్థం లేదు, అక్కడ స్టార్ ఉండాల్సిందే. నా వాదన అంతకంటే చిన్నది. ఏ క్షణంలో ఆ సమాచారం మనిషి చేతిలో ఉంటుందో ఆ క్షణంలోనే దాన్ని అడగాలి. ఖాతా తెరిచేటప్పుడు తెలియనిది మొదటి ఆర్డరు వేసేటప్పుడు తెలుస్తుందంటే, స్టార్ ఆర్డరు దగ్గర పెట్టాలి. ముందే కావాలనుకుంటే, జాబితాలో ‘ఇంకా తెలియదు’, ‘వర్తించదు’ అని రెండు మాటలు చేర్చాలి. కాడ్ చెప్పిన రెండు రకాలూ మనమే రాసిపెట్టుకున్నట్టవుతుంది. “అందరూ ‘తెలియదు’ నొక్కేస్తారు” అన్నారాయన. నొక్కనివ్వండి, ఎవరు నొక్కారో ఎప్పుడు నొక్కారో ఫిల్టర్ చెబుతుంది అన్నాను. ఇప్పుడు అబద్ధం ఎవరు నొక్కారో చెప్పగలమా?

ఖాళీలు దొరికాక వాటిని లెక్కపెట్టి ఊరుకోవడం నాకు నచ్చదు. అవి గాల్లోంచి ఊడిపడవు. 1976లో డోనాల్డ్ రూబిన్ అనే గణాంక శాస్త్రవేత్త దీనికో చట్రం ఇచ్చాడు: విలువ లేకపోవడం యాదృచ్ఛికమా, కనపడే ఇంకేదైనా విషయంతో ముడిపడిందా, లేక లేని ఆ విలువే అందుకు కారణమా? ఆఫీసు భాషలో చెప్పాలంటే, ఖాళీల ఫిల్టర్ పెట్టాక రికార్డు ఎవరు సృష్టించారు, ఏ తేదీన, ఏ దారిలో వచ్చింది అన్న కాలమ్స్ చూడాలి. మా రెండు వందల పైచిలుకులో ఎక్కువ భాగం ఒకే రోజున పుట్టాయి. పాత సాఫ్ట్‌వేర్ నుంచి కొత్తదానికి డేటా మార్చిన రోజది. పాతదానిలో ఆ ఫీల్డే లేదు. ఎంట్రీ వేసేవాళ్ళ తప్పు ఇందులో ఇసుమంత కూడా లేదు, వాళ్ళని మీటింగులో నిలబెట్టి మాట్లాడినందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఇంతవరకూ గడి గురించే మాట్లాడాను. వరుసకి వరుసే లేకపోతే ఫిల్టర్ ఏం చేస్తుంది? ఏమీ చేయదు. ఉన్నవాటిలోంచి కొన్నిటిని దాచడమే దానికి తెలిసిన విద్య. ఇన్‌వాయిస్ రాయని ఆర్డరుని పట్టాలంటే ఇన్‌వాయిస్ జాబితాలో ఎంత గాలించినా లాభం లేదు, ఆర్డర్ల జాబితా తెచ్చి పక్కన పెట్టాలి. సేల్స్‌ఫోర్స్ రిపోర్టుల్లో క్రాస్ ఫిల్టర్ అని ఉంది, “ఆపర్చునిటీలు లేని అకౌంట్లు”, అంటే అమ్మకం అవకాశమేదీ నమోదు కాని కస్టమర్లు, అని నేరుగా అడగొచ్చు. ఎస్‌క్యూఎల్‌లో ఎడమ పట్టిక వరుసలన్నీ ఉంచి కుడి పట్టికలో జత వెతికే లెఫ్ట్ జాయిన్ వేసి, కుడివైపు నల్ వచ్చినవాటిని ఏరాలి. షీట్‌లో అయితే ఒక జాబితాలోని విలువని ఇంకోదానిలో వెతికే వీలుకప్ పెట్టి, దొరకలేదని చెప్పే ఎన్ఏ ఎర్రర్ వచ్చిన వరుసల మీద ఫిల్టర్ వేయాలి. ఎర్రర్ కోసం ఎదురుచూసే పని బహుశా ఇదొక్కటే. వరుస నంబర్లున్న చోట ఒక్కో నంబరులోంచి ముందుదాన్ని తీసేస్తే, ఒకటి కంటే ఎక్కువ వచ్చిన చోట ఏదో జారిపోయినట్టు. జారిన ప్రతిదీ దొంగతనం కాదు లెండి. డేటాబేస్ ఒక నంబరు ఇచ్చాక ఆ లావాదేవీ మధ్యలో రద్దయితే నంబరు వెనక్కి రాదు.

చివరిగా, లేదు అని తేల్చే ముందు పాత ఫిల్టర్ ఏదైనా పెట్టి ఉందేమో చూడటం. ఇది చెప్పడానికి నామోషీగా ఉంది. ఒకసారి ఒక సప్లయర్ రికార్డు మాయమైందని నానా టెన్షన్ పడి కొత్తది సృష్టించాను. పాతది అక్కడే ఉంది. తెర ‘నావి మాత్రమే’, ‘యాక్టివ్ మాత్రమే’ అన్న వ్యూలో, అంటే ముందే ఫిల్టర్ పెట్టి ఉంచిన జాబితాలో, తెరుచుకుంది. ఆ సప్లయర్ని వేరే సహోద్యోగి చూస్తున్నారు. రెండు రికార్డులకీ విడివిడిగా చెల్లింపులు వెళ్ళేదాకా ఎవరికీ తెలియలేదు. కొన్నిసార్లు మనకి అనుమతి లేని రికార్డులు కూడా ఇలాగే నిశ్శబ్దంగా పక్కకి తప్పుకుంటాయి. అలాంటప్పుడు అనుమతి ఉన్నవాళ్ళ లాగిన్‌లో మొత్తం ఎంతొస్తుందో ఒకసారి అడిగి పోల్చుకోవాలి.

ఇప్పుడు నాకొక సేవ్ చేసిన వ్యూ ఉంది. కేటగిరీ ఖాళీగా ఉన్నవి, ‘ఇంకా తెలియదు’ అని ఉన్నవి, పాతవి పైకి వచ్చేలా. వారానికోసారి తెరుస్తాను. ఏ జాబితా పంపినా, తీసుకున్నవాళ్ళు, వదిలేసినవాళ్ళు, ఖాళీగా ఉన్నవాళ్ళు మూడూ కూడి మొత్తంతో సరిపోయిందో లేదో చూశాకే పంపుతాను. చదివేవాళ్ళకి ఇది చాదస్తంగా అనిపించొచ్చు.

ఆ రెండు వందల పైచిలుకు మందికీ తర్వాత మేమే ఫోన్లు చేశాం, మీరు హోల్‌సేలా రిటైలా అని. ఎక్సెల్ చెప్పిందే కరెక్ట్, ఎస్‌క్యూఎల్ ముంచింది అని నేను అప్పటిదాకా అనుకుంటూ వచ్చాను. ఫోన్లయ్యాక చూస్తే వాళ్ళలో పాతిక మంది దాకా నిజంగానే హోల్‌సేల్ వాళ్ళు. ఎక్సెల్ జాబితా ప్రకారం పంపి ఉంటే వాళ్ళకి తప్పు మెయిల్ వెళ్ళేది. మూడు వారాలు ఫోన్లు చేసినా పదకొండు మంది దొరకలేదు. వాళ్ళ గడిలో ‘ఇంకా తెలియదు’ అని ఉంది, పక్కన మేము చివరిసారి అడిగిన తేదీ.